పగిలిన వాష్‌బేసిన్లు, పాత తొట్లలో ఇంటిలోపలి మొక్కల పెంపకం – నిజామాబాద్, బోధన్ ప్రాంతాలకు అనువైన పద్ధతులు

ఇల్లు మరమ్మతు చేయించిన ప్రతిసారీ చీలిన వాష్‌బేసిన్, మూత విరిగిన ఫ్లష్ ట్యాంకు, అడుగు తుప్పుపట్టిన కూలర్ తొట్టి వంటివి పెరటి గోడ పక్కకు చేరుతాయి. ఇనుము, ఇత్తడి సామాన్లను పాత సామాన్ల వ్యాపారి తూకానికి కొంటాడు. పింగాణీని మాత్రం ఎవరూ కొనరు, ఎందుకంటే అధిక ఉష్ణోగ్రతలో కాల్చిన పింగాణీని లోహంలా కరిగించి మళ్లీ పోతపోయలేరు. అది పెరట్లోనే ఉండిపోతుంది, వర్షాకాలంలో దానిలో నీరు నిలుస్తుంది. చండీగఢ్‌లో నేక్‌చంద్ ఇటువంటి పగిలిన పింగాణీ సామగ్రితోనే రాక్ గార్డెన్‌ను నిర్మించారు, 1976లో అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. నిజామాబాద్ పట్టణంలోని సాధారణ గృహానికి అంత ప్రయత్నం అవసరం లేదు. ఒక్క వాష్‌బేసిన్‌ను సరైన పద్ధతిలో కుండీగా మార్చుకున్నా వరండాకు పచ్చదనం వస్తుంది.

వాష్‌బేసిన్‌కు ఉన్న ప్రధాన సౌలభ్యం దాని అడుగున ఉండే రంధ్రం. ఇత్తడి లేదా స్టీలు కప్లింగ్‌ను విప్పి తీసివేసి, రంధ్రంపై నైలాన్ దోమతెర ముక్కను రెండు మడతలుగా పరచి, దానిపై ఒక పెంకును వంపు పైకి ఉండేలా ఉంచితే చాలు. చీలిక అడుగు వరకు సాగిన బేసిన్‌ను గోడకు తగిలించకూడదు. నీరు పట్టిన మట్టి మిశ్రమం లీటరుకు ఒక కిలోకు పైగా తూగుతుంది. పది లీటర్ల మిశ్రమానికి బేసిన్ బరువు కూడా తోడైతే పాత బ్రాకెట్లు ఆగవు. ఇనుప స్టాండుపైనో, నేలపై ఇటుకలపైనో పెట్టడం క్షేమం. రంధ్రం లేని పింగాణీకి రంధ్రం వేయాలంటే గాజు, టైల్స్‌కు వాడే వజ్రపు పళ్ల బిట్టుతో, డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ, ఆ చోట నీరు పోస్తూ వేయాలి. హ్యామర్ మోడ్‌లో పెడితే పింగాణీ పగిలిపోతుంది.

చాలామంది అడుగున కంకర పరచి, దాని వల్ల నీరు బాగా దిగుతుందని భావిస్తారు. ఇది సరికాదు. సన్నని రేణువులున్న మట్టి నుంచి పెద్ద ఖాళీలున్న కంకరలోకి నీరు తేలికగా జారదు. పై మట్టి పూర్తిగా తడిసి బరువెక్కిన తరువాతే నీరు కిందికి దిగుతుంది. అంతవరకు కంకరకు పైన కొంత ఎత్తు మేర తడి నిలిచే ఉంటుంది. ఆ తడి పొర ఎత్తు మిశ్రమాన్ని బట్టి ఉంటుంది, పాత్ర లోతును బట్టి మారదు. ముప్పై సెంటీమీటర్ల కుండీలో అది అడుగు భాగానికే పరిమితమైతే, పదిహేను సెంటీమీటర్ల లోతున్న బేసిన్‌లో వేర్లు వ్యాపించే స్థలంలో సగం వరకు ఆక్రమిస్తుంది. కంకర వేస్తే ఆ లోతు మరింత తగ్గుతుంది. ఇంటిలోపలి మొక్కలు ఎండకన్నా వేరుకుళ్లు తెగులుతోనే ఎక్కువగా చనిపోవడానికి కారణం ఇదే. కాబట్టి లోతు తక్కువ ఉన్న పాత్రలో గరుకైన, గుల్లగా ఉండే మిశ్రమం తప్పనిసరి.

బోధన్ పరిసరాల నల్లరేగడి పొలంలో ఎంత సారవంతమైనదైనా కుండీకి పనికిరాదు. అది తడిస్తే ముద్దగా మారి గాలి ఆడనివ్వదు, ఆరితే బీటలు వారి అంచుల నుంచి విడిపోతుంది. పోసిన నీరంతా ఆ బీటల వెంట జారిపోతుంది. ఎర్ర చల్క మట్టి, గరుకు ఇసుక లేదా కొబ్బరి పొట్టు, మాగిన సేంద్రియ పదార్థం సమపాళ్లలో కలిపి వాడడం మేలు. ఈ మూడవ భాగానికి చెరకు ప్రాంతంలో కొరత ఉండకూడదు. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో మూతపడిన తరువాత బోధన్‌లో ప్రెస్‌మడ్ దొరకడం లేదు. దానిని కామారెడ్డి జిల్లాలోని మిల్లుల నుంచి తెచ్చుకోవలసి వస్తుంది. తాజా ప్రెస్‌మడ్‌లో మైనం, మిగిలిన చక్కెర ఉండడం వల్ల వేడి పుట్టి, ఈగలు ముసురుతాయి. కనీసం రెండు, మూడు నెలలు కుప్పగా వేసి, తిరగేస్తూ మాగనిచ్చిన తరువాతే వాడాలి. నిజామాబాద్ వీధుల్లో చెరకు రసం బండ్ల వద్ద పారవేసే పిప్పి ఉచితంగానే దొరుకుతుంది. కానీ పిప్పిలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. పచ్చిగా వేస్తే దానిని కుళ్లించే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, దాంతో మొక్క ఆకులు పసుపు రంగుకు మారుతాయి. పేడతో పొరలు పొరలుగా వేసి మాగబెట్టిన పిప్పి మాత్రం కొబ్బరి పొట్టుకు మంచి ప్రత్యామ్నాయం. పొలంలో కాల్చివేసే చెరకు ఆకును కూడా ఇదే విధంగా ఉపయోగించుకోవచ్చు.

ప్రతి పాత వస్తువూ కుండీగా పనికిరాదు. ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులలో పాదరసం ఉంటుంది. వాటి గాజును కోసి మొక్కలు పెట్టే ప్రయత్నం ప్రమాదకరం. ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టాలను, రేకులను కోయరాదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఇండ్లలో వాడే రంగులలో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధనలు 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు రంగు వేసి, పెచ్చులూడుతున్న ఇనుప తొట్లను అలంకరణ మొక్కలకైనా ఇంటిలో పెట్టకపోవడమే మంచిది. గాల్వనైజ్డ్ కూలర్ తొట్టి నుంచి జింకు కొద్దికొద్దిగా మట్టిలోకి దిగుతుంది. క్రోటన్ల వంటి వాటికి పరవాలేదు కానీ కొత్తిమీర, మెంతి, పుదీనా మాత్రం వద్దు. కమోడ్‌ను వాడదలచినవారు బ్లీచింగ్ పౌడరు ద్రావణంతో శుభ్రపరచి, బాగా కడిగి, ఎండలో ఆరనివ్వాలి. బ్లీచింగ్ పౌడరుతో పాటు యాసిడ్ క్లీనర్ కలపకూడదు, క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

వెలుతురు విషయంలో కంటిని నమ్మరాదు. మనిషి కన్ను తక్కువ వెలుతురుకు సర్దుకుంటుంది, మొక్కకు ఆ వెసులుబాటు లేదు. నడి మధ్యాహ్నం ఆకుపై చేయి అడ్డుపెట్టినప్పుడు నీడ అంచు స్పష్టంగా కనిపిస్తే ఆకుకూరలకు ఆ చోటు సరిపోతుంది. నీడ మసకగా ఉంటే మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, సింగోనియం, అగ్లోనిమా అనుకూలం. నీడ కనబడకపోతే అక్కడ ఏ మొక్కా ఎక్కువ కాలం నిలవదు. నిజామాబాద్ ఉత్తర అక్షాంశం 18.7 డిగ్రీల దగ్గర ఉన్నందున మే మధ్య నుంచి జులై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరాన ఉంటాడు. అందువల్ల చలికాలంలో ఎండ ధారాళంగా పడే దక్షిణ కిటికీలో ఆ రోజుల్లో నేరుగా ఎండ పడదు. కుండీని కాలానికి తగినట్లు జరపవలసి ఉంటుంది. మనీప్లాంట్, సింగోనియం, అగ్లోనిమాల ఆకులలో కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు మండుతుంది కనుక చిన్నపిల్లలున్న ఇండ్లలో వాటిని అందకుండా ఉంచాలి.

బోరు నీటిలో లవణాలు ఎక్కువగా ఉన్న వీధులలో మట్టిపై తెల్లని పొర ఏర్పడుతుంది. నెలకొకసారి అడుగు నుంచి నీరు ధారగా కారేంతవరకు పోసి లవణాలను కడిగివేయాలి. ఆర్వో యంత్రం వదిలే వృథా నీటిలో లవణాలు మరింత గాఢంగా ఉంటాయి, దానిని ఈ కుండీలకు పోయకూడదు. వేసవిలో ఏసీ నుంచి కారే నీరు లవణాలు లేనిది కనుక అలంకరణ మొక్కలకు వాడుకోవచ్చు.

కుండీ కింద ఉంచే పళ్లెమే అన్నింటికన్నా ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ నీటి అంచుకు పైన, పాత్ర గోడకు గుడ్లు అంటిస్తుంది. ఆ గుడ్లు నెలల తరబడి ఎండిపోయి ఉన్నా, నీరు తగిలితే పిల్లలవుతాయి. గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. అందువల్ల పళ్లెంలోని నీటిని పారబోస్తే సరిపోదు. వారానికొకసారి లోపలి గోడలను గరుకు బ్రష్షుతో రుద్ది కడగాలి. బేసిన్‌కు పైన ఉండే ఓవర్‌ఫ్లో రంధ్రాన్ని కూడా దోమతెరతో మూయాలి. లోపలి పింగాణీ కాలువలో చీకటి, తేమ రెండూ ఉంటాయి, బ్రష్షు చేరని ఆ చోటును దోమలు, బొద్దింకలు ముందుగా వెతుక్కుంటాయి.