గిరీశం ఇంగ్లీషు

న్యూజెర్సీలో మా ఎడిసన్ వైపు ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక అద్దె హాల్లో కుర్చీలన్నీ గోడకి చేర్చేస్తారు. నేల మీద రంగు టేపుతో నలుపలకలుగా గీత గీస్తారు. అదే రంగస్థలం. మన సంఘం నాటకబడికి అంతకుమించి ఆస్తి లేదు. ఒక హార్మోనియం ఉంది గానీ వాయించేవాళ్లు లేరు.

చేరేవాళ్లలో కొందరు ఇక్కడ పుట్టిన పిల్లలు, కొందరు వాళ్ల అమ్మానాన్నలు. పెద్దవాళ్లకి భాష వచ్చు, చేతులు రావు. "చేతులేం చెయ్యమంటారు మాస్టారూ?" అని మొదటిరోజే అడుగుతారు. ఒకప్పుడు పరిషత్తు నాటకాలాడిన మా మాస్టారు దానికి ఉపన్యాసమివ్వరు. చిక్కుడుకాయల పళ్లెం ముందు పెట్టి, ఈనెలు తీస్తూ డైలాగు చెప్పమంటారు. నేనూ తీశాను. మూడోకాయకల్లా చేతుల సంగతి మరిచిపోయాను. డైలాగూ మరిచిపోయాననుకోండి, అది వేరే సంగతి.

పిల్లలకి చేతులాడతాయి, మాటే ఇంగ్లీషు లిపిలో రాసుకుంటారు. ఆ రాతలో 'పాడు'కీ 'పడు'కీ తేడా ఉండదు. అందుకని మొదటి నెల కాగితం నిషేధం. "తలుపు తియ్యి" అన్న ఒక్క మాటే వానలో తడుస్తున్నవాడిలా, ఆలస్యంగా ఇల్లు చేరిన కొడుకులా, బాకీ వసూలుకొచ్చినవాడిలా అనాలి. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక కుటుంబాల పిల్లలకి ఈ చదువు ఉయ్యాల్లోనే అబ్బేది. మాకున్నది వారానికి రెండు గంటలు, అందులో పావుగంట టర్న్‌పైక్ ట్రాఫిక్ మింగేస్తుంది.

అసలు చిక్కు కన్యాశుల్కంతో వచ్చింది. ఏడంకాలూ ఉన్నదున్నట్టు ఆడితే తెల్లారిపోతుంది గనక బొంకులదిబ్బ మీది మొదటి రంగం చాలనుకున్నాం. గిరీశం మాటల నిండా ఇంగ్లీషే కదా, మనవాళ్లకి నల్లేరు మీద బండినడకే అని సలహా ఇచ్చింది నేనే. వేషం కాలేజీ కుర్రాడొకడిది. తెలుగు బాగానే పలికాడు. ఇంగ్లీషు ముక్క రాగానే నవ్వు ఆగిపోయింది. అది తప్పులేని అమెరికా ఇంగ్లీషు మరి. గిరీశం ఇంగ్లీషు సరుకు కాదు, లోపల సరుకుందని నమ్మించే సంచీ. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు నవ్వినవాళ్లకి అది వేరే చెప్పక్కర్లేదు.

"మీ తాతగారు ఇంగ్లీషు మాట్లాడతారా?" అన్నారు మాస్టారు.

"హెడ్మాస్టరుగా చేశారండీ."

"అయితే వారం రోజులు రోజూ ఫోన్ చెయ్యి. ఏం మాట్లాడారో నాకక్కర్లేదు. ఎలా మాట్లాడారో విని రా."

మరుసటి శనివారం 'వెరీ' అనే మాటలో 'ర' నిండుగా దొర్లింది. చిక్కుడుకాయల పళ్లెం కిందపెట్టి మరీ నవ్వారు పెద్దవాళ్లు.

ఉగాదినాడు నాటకానికి మాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఎనిమిదింటిని సన్మానాలు తినేశాయి. ఇది మన సంఘం సంచికే కాబట్టి ఆ మాట ఇంతటితో ఆపుతాను.

అంతకుముందు, గిరీశం చేతిలో ఉండాల్సిన చుట్ట దగ్గర తంటా వచ్చింది. "చుట్టంటే ఏంటండీ?" అన్నాడు మా గిరీశం. నిజంది వెలిగిస్తే అలారం మోగి ఫైరింజను దిగుతుంది. మాస్టారు కిరాణా సంచీ చింపి, ఆ గోధుమరంగు కాగితం తడిపి, చుట్టి, దారంతో బిగించి ఆరబెట్టారు. నాటకం అయ్యాక చూస్తే దాని కొసన పంటిగాట్లున్నాయి. అలా కొరికిపట్టాలని ఎవరు చెప్పారురా అంటే, తాతయ్య వీడియో కాల్లో అలాగే పట్టుకుని కనిపించారన్నాడు.