అవినీతి నిరోధక ప్రాజెక్టు ఆఫీసరు అంటే ఎవరు? అసలు పని ఏమిటి?

తెలుగులో లంచం. కన్నడలో లంచ. తమిళంలో అదే మాట కాస్త మెత్తగా పలుకుతుంది. ఒడియాలో లాంచ, మరాఠీలో లాచ్. మన కుటుంబాలు హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, సోలాపూరులో ఉన్నా ఈ ఒక్క మాటకు అనువాదం అక్కర్లేదు. యానాంవాళ్ళకు ఎలాగూ మన మాటే.

మన పిల్లల్లో ఎవరైనా "అంతర్జాతీయ అవినీతి నిరోధక కార్యక్రమంలో ప్రాజెక్టు ఆఫీసరు ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాను" అంటే ఇంట్లో పెద్దవాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది ఏసీబీ. కర్ణాటకలో లోకాయుక్త, తమిళనాడులో డీవీఏసీ, ఒడిశాలో విజిలెన్స్. రంగు పూసిన నోట్లు, వల పన్నడం, మర్నాడు పేపర్లో ఫోటో. "మనకెందుకమ్మా ఆ గొడవ" అనడం కూడా సహజమే. ఈమధ్య చదువులు ముగించినవాళ్ళు కొందరు ఈ ఉద్యోగం గురించి అడుగుతున్నారు కాబట్టి, అది ఏమిటో, ఏది కాదో కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందుగా, ఈ ఆఫీసరుకు ఎవరినీ పట్టుకునే అధికారం లేదు. సోదా చేయలేరు, కేసు పెట్టలేరు. వియన్నాలోని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం, బెర్లిన్‌లో 1993లో మొదలైన ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ గవర్నెన్స్ లాంటి చోట్ల ఈ ఉద్యోగాలు ఉంటాయి. వాటితో కలిసి పనిచేసే స్థానిక స్వచ్ఛంద సంస్థల్లో ఇంకా ఎక్కువ ఉంటాయి. ఏదో ఒక దేశం లేదా బ్యాంకు డబ్బు ఇస్తుంది. ఆ డబ్బుతో ఫలానా దేశంలో ఫలానా మార్పు తెస్తామని సంస్థ ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నది జరుగుతోందా లేదా అని రోజువారీగా చూసే మనిషే ప్రాజెక్టు ఆఫీసరు.

ఈ రంగానికంతా మూలం ఒక ఒప్పందం. ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒడంబడికను 2003 అక్టోబరు 31న సర్వసభ్య సభ ఆమోదించింది. అదే ఏడాది డిసెంబరు 9న మెక్సికోలోని మెరీడా నగరంలో సంతకాలు మొదలయ్యాయి. ఏటా డిసెంబరు 9న మన ఆఫీసుల్లో అవినీతి వ్యతిరేక దినం బ్యానరు కట్టేది అందుకే. 2005 డిసెంబరులో ఒడంబడిక అమల్లోకి వచ్చింది. భారతదేశం 2011లో ధ్రువీకరించింది. ఇప్పుడు 190కి పైగా సభ్యులున్నారు.

ఒప్పుకున్న దేశం మాట నిలబెట్టుకుంటోందో లేదో చూడటానికి ఒక విచిత్రమైన పద్ధతి పెట్టారు. ప్రతి దేశాన్నీ మరో రెండు దేశాలు సమీక్షిస్తాయి. ఆ రెండూ ఏవో చీటీలు తీసి నిర్ణయిస్తారు, ఒకటి మాత్రం అదే ప్రాంతానికి చెందినదై ఉండాలి. ఇక్కడ ఆఫీసరు పని మొదలవుతుంది. వందల ప్రశ్నలున్న పట్టిక నింపించాలి. చట్టాల ప్రతులు సేకరించి అనువదింపజేయాలి. న్యాయశాఖ ఒకటి, ఆడిట్ శాఖ ఇంకొకటి చెబితే ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. చివరికి వచ్చే సారాంశం అందరికీ దొరుకుతుంది గానీ పూర్తి నివేదికను బయటపెట్టాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం. ఇంత శ్రమపడి ఆ తలుపు తెరిచి ఉంచకపోవడం ఈ ఏర్పాటులోని పెద్ద లోపమని మా అభిప్రాయం.

ఇదంతా పై అంతస్తు పని. మనవాళ్ళకు ఎక్కువ దగ్గరగా ఉండేది కింద, ఊళ్ళలో జరిగే పని. అందులో మొదటి చిక్కు భాషే. సర్వేకు వెళ్ళి "మీరు లంచం ఇచ్చారా?" అని అడగండి. నూటికి తొంభైమంది "అబ్బే, లేదండీ" అనేస్తారు. "పట్టా చేతికొచ్చేసరికి మొత్తం ఎంత ఖర్చయింది?" అని అడగండి. లెక్క దానంతటదే వస్తుంది: ఫీజు ఇంత, జిరాక్సులకు ఇంత, గుమాస్తాకు టీ డబ్బులు ఇంత. మామూలు, చేయి తడపడం, ఆమ్యామ్యా... మనకే ఇన్ని మాటలున్నాయి. కెన్యాలో స్వాహిలి భాషలో దీన్ని 'కితు కిడోగో' అంటారు, అంటే 'చిన్న వస్తువు'. మెక్సికోలో 'మోర్దీదా', అంటే కొరుకు. ఇంగ్లీషులో రాసిన ప్రశ్నాపత్రాన్ని మాటకు మాట అనువదిస్తే జనం దాచుకునే మాటే అడిగినట్టవుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన పిల్లలకు ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. దరఖాస్తులో 'తెలిసిన భాషలు' అన్న గడిని రెండు మాటల్లో ముగించేసేవాళ్ళే ఎక్కువ. మొహమాటపడకుండా నింపండి.

అడగడం వచ్చాక కొలవడం. ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ ఉగాండా. 1991 నుంచి 1995 వరకు అక్కడ ప్రభుత్వం ప్రాథమిక బడులకు పంపిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరిందని ఒక పరిశోధన బయటపెట్టింది. మిగతాది దారిలోనే ఆగిపోయింది. తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో అచ్చువేయించడం మొదలుపెట్టింది, బడి గోడల మీద అంటించమంది. 2001 నాటికి బడికి చేరేది 80 శాతం దాటింది. కథ ఇక్కడితో ఆపితే బాగుంటుంది, చాలా శిక్షణ తరగతుల్లో అలాగే ఆపుతారు కూడా. కానీ అదే కాలంలో అక్కడ గ్రాంటు పంపే పద్ధతులు, బడి విధానాలు కూడా మారాయి, ఆ పెరుగుదలంతా పత్రిక పుణ్యమేనా అని తర్వాతి పరిశోధకులు ప్రశ్నించారు. మంచి ఆఫీసరు నివేదికలో రెండో సగం కూడా రాస్తారు. డబ్బిచ్చిన సంస్థకు మొదటి సగమే ఇష్టం. ఈ ఉద్యోగంలో మనిషి నిజాయితీకి పరీక్ష ఎక్కువగా వచ్చేది ఆ వాక్యం దగ్గరే.

రెండో పరీక్ష రసీదుల దగ్గర. అవినీతి మీద శిక్షణ శిబిరం పెడతారు. నలభైమంది వస్తారు, హాజరు పట్టీలో అరవై సంతకాలుంటాయి. హోటలు బిల్లు కాస్త పెంచి రాయమని ఎవరో అడుగుతారు. ప్రయాణ భత్యం కోసమే ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి తిరిగే అధికారులుంటారు. మూడు కొటేషన్లూ ఒకే ప్రింటరు మీద అచ్చయి వస్తాయి. అవినీతి మీద పోరాడే డబ్బులోనే అవినీతి జరిగితే దాన్ని ఏమంటారో మన సామెతలకు తెలుసు. కొత్తగా చేరినవాళ్ళు విధానాలు, ఒడంబడికలు చదువుకుని వస్తారు. మొదటి ఏడాది గడిచేది మాత్రం వోచర్ల మధ్య.

ఈ వోచర్ల వెనుక ఉన్నదేమిటో నైజీరియా చూపిస్తుంది. 1993 నుంచి 1998లో చనిపోయేదాకా ఆ దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు సానీ అబాచా దేశం సొమ్మును విదేశీ బ్యాంకులకు తరలించాడు. 2005 ప్రాంతంలో స్విట్జర్లాండ్ సుమారు 50 కోట్ల డాలర్లు తిరిగి ఇచ్చింది. అది నైజీరియా బడ్జెట్‌లో కలిసిపోయింది, ఏ డాలరు ఏ పనికి వెళ్ళిందో వెతకడం కష్టమైంది. రెండోసారి జాగ్రత్తపడ్డారు. 2017 డిసెంబరులో స్విట్జర్లాండ్, నైజీరియా, ప్రపంచ బ్యాంకు ఒప్పందం రాసుకున్నాయి. సుమారు 32 కోట్ల డాలర్లను నిరుపేద కుటుంబాలకు నెలకు 5,000 నైరాల చొప్పున నేరుగా ఇవ్వాలి, స్వచ్ఛంద సంస్థలు దాన్ని కనిపెట్టి ఉండాలి అన్నది షరతు. ఆ కనిపెట్టేవాళ్ళు ఊరూరా తిరిగి జాబితాలో పేరున్న మనిషి నిజంగా ఉన్నారా, డబ్బు అందిందా, ఎంత అందింది, ఎవరైనా కోత పెట్టారా అని అడిగారు. ఇరవై ఏళ్ళ కిందట దోచిన సొమ్ము ఒక ముసలమ్మ చేతిలో పడిందా లేదా అన్నది చివరికి ఒక కాగితం మీది వేలిముద్రను సరిచూసే మనిషి మీద ఆధారపడింది.

ఈ పని మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పథకంలో సామాజిక తనిఖీలు జరిగాయి. ఊరి యువతీయువకులకే శిక్షణ ఇచ్చి, మస్టర్ రోల్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "నువ్వు పదిహేను రోజులు పనిచేసినట్టు రాశారు, నిజమేనా?" అని అడిగించి, మండల కేంద్రంలో అందరి ముందూ చదివించారు. 2009లో దీనికోసం ప్రత్యేక సొసైటీ పెట్టారు. బయటి దేశాల వాళ్ళు వచ్చి చూశారు, దీని మీద అధ్యయనాలు వెలువడ్డాయి. ఆ అధ్యయనాలే ఇంకోటి కూడా చెప్పాయి: తప్పు బయటపడినంత సులువుగా సొమ్ము వెనక్కి రాలేదు. మనం స్థిరపడిన ఊళ్ళలోనూ ఇలాంటివున్నాయి. బెంగళూరులో పబ్లిక్ అఫైర్స్ సెంటర్ 1994, 1999, 2003లలో నీళ్ళు, కరెంటు, ఆసుపత్రి సేవలకు ప్రజలచేత మార్కులు వేయించి రిపోర్టు కార్డులు ప్రకటించింది. చెన్నైకి చెందిన ఫిఫ్త్ పిల్లర్ సంస్థ లంచం అడిగినవాళ్ళ చేతిలో పెట్టమని సున్నా రూపాయి నోటు అచ్చువేసింది, అందులో తెలుగు నోటు కూడా ఉంది.

ఇక ప్రమాదం సంగతి. దాచడం ఎందుకు, ఉంది. అయితే ఎక్కువగా ఆఫీసరుకు కాదు, ఆఫీసరును నమ్మి నోరు విప్పిన మనిషికి. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి పనుల్లో అక్రమాల గురించి 2002లో ప్రధానమంత్రికి ఉత్తరం రాశారు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరారు. ఆ ఉత్తరం ఆయన పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. సీబీఐ దాన్ని దోపిడీలో జరిగిన హత్యగా తేల్చింది, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. హత్యకూ ఉత్తరానికీ సంబంధం ఎంత అన్న వాదన ఎలా ఉన్నా, పేరు దాచమన్న మనిషి పేరును దాచలేకపోయారన్నది మాత్రం కాదనలేని నిజం. ఒడంబడిక 33వ అధికరణం ఇలాంటివాళ్ళ రక్షణ గురించే చెబుతుంది. మన దేశంలో 2014లో ఫిర్యాదీల రక్షణ చట్టం వచ్చింది గానీ ఏళ్ళు గడిచినా దాన్ని అమల్లోకి తేలేదు.

అందుకే ప్రాజెక్టు ఆఫీసరు రాసే పత్రాల్లో అన్నిటికంటే బరువైనది ఫిర్యాదుల రిజిస్టరు. పేరు బదులు ఏ నంబరు వేశాం, ఆ నంబరు ఎవరిదో తెలిసినవాళ్ళు ఎంతమంది, ఫోన్లో ఫోటో తీశామా, నివేదికలో 'ఆ ఊరి ఏకైక అంగన్‌వాడీ టీచరు' అని రాస్తే పేరు రాసినట్టే కదా, ఇవన్నీ చూసుకోవాలి. ఈ జాగ్రత్త లేనివాళ్ళు ఎంత చురుకైనవాళ్ళయినా ఈ పనికి తగరు.

ఉద్యోగ భద్రత విషయంలో తల్లిదండ్రుల అనుమానం సరైనదే. ప్రాజెక్టు రెండు మూడేళ్ళు, ఒప్పందం అంతకంటే తక్కువ. 2025లో అమెరికా తన విదేశీ సహాయ సంస్థను మూసివేసినప్పుడు దాని డబ్బుతో నడిచే ఇలాంటి కార్యక్రమాలు చాలా దేశాల్లో హఠాత్తుగా ఆగిపోయాయి. అనుభవజ్ఞులు కూడా ఇంటి ముఖం పట్టారు. లా, ఆడిట్, స్టాటిస్టిక్స్, సోషల్ వర్క్ లాంటి చేతి పని ఒకటి ఉంచుకుని ఈ రంగంలోకి వస్తే ఇంకో చోట నిలదొక్కుకోవచ్చు. ఏకంగా వియన్నాకు గురిపెట్టడం కంటే ఒక సామాజిక తనిఖీలోనో, సమాచార హక్కు కింద పనిచేసే సంస్థలోనో రెండేళ్ళు గడపడం మంచిది. ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి దక్షిణాసియా శాఖ న్యూఢిల్లీలో ఉంది. అక్కడ భారతీయులకే కేటాయించే జాతీయ స్థాయి పోస్టులు, ఐరాస వాలంటీరు పోస్టులు అప్పుడప్పుడు పడతాయి. పై చదువు కావాలంటే వియన్నా పక్కన లాక్సెన్‌బర్గ్‌లో అంతర్జాతీయ అవినీతి నిరోధక అకాడమీ ఉంది.

చివరిగా ఒక హెచ్చరిక. ఐక్యరాజ్యసమితి పేరుతో ఉద్యోగ పత్రం పంపి, ప్రాసెసింగ్ ఫీజనో మెడికల్ ఫీజనో డబ్బు కట్టమనే మోసాలు చాలా ఉన్నాయి. దరఖాస్తు దగ్గర గానీ, ఇంటర్వ్యూ దగ్గర గానీ, శిక్షణ దగ్గర గానీ ఐక్యరాజ్యసమితి ఒక్క రూపాయి కూడా తీసుకోదు. అలాంటి మెయిలు వస్తే డబ్బు కట్టకండి. అందులోని నంబరుకు ఫోన్ చేయకుండా సంస్థ అసలు వెబ్‌సైటులో ఆ పోస్టు ఉందో లేదో చూడండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి.