చెరలో కొమొడో ఉడుములు: ఆవాస ఏర్పాటు – సంతతి స్వరూపం

1. ప్రవేశిక

బల్లుల వర్గంలో అతిపెద్ద జీవి కొమొడో ఉడుము. ఇండోనేషియాలోని కొమొడో, రింకా, ఫ్లోరెస్ మొదలైన కొద్ది దీవులలో మాత్రమే ఇది సహజంగా జీవిస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2021లో దీనిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. అందువల్ల జంతు ప్రదర్శనశాలలలో దీని సంతానోత్పత్తికి ప్రాధాన్యం పెరిగింది. ఆవాసాన్ని అమర్చే తీరు పుట్టే సంతతిపై చూపే ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ఆవాసం – గుడ్ల సంరక్షణ

ఉడుము తన దేహోష్ణాన్ని పరిసరాల నుండే పొందుతుంది. కనుక ఆవరణలో ఒకవైపు ఎండ కాచుకొనే చోటు, మరొకవైపు చల్లని నీడ ఉండాలి. అతినీలలోహిత కిరణాలు సోకకపోతే దేహంలో విటమిన్ డి3 తగ్గి ఎముకలు బలహీనపడతాయి. అడవిలో ఆడ ఉడుము మెగాపోడ్ పక్షులు పోగుచేసిన దిబ్బలలో, తాను తవ్విన గోతులలో గుడ్లు పెడుతుంది. కాబట్టి చెరలోనూ తవ్వుకోవడానికి లోతైన మట్టి అవసరం. ఒక విడతలో సుమారు 20 గుడ్లు పెడుతుంది. అవి పొదగడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది. పెద్దవి పిల్లలను తినివేస్తాయి. అందుకే అడవిలో పిల్లలు చెట్లపై జీవిస్తాయి, చెరలో వాటిని వేరుగా పెంచుతారు.

3. మగతోడు లేని జననం

పెద్ద ఉడుములు ఒంటరి జీవులు, పరస్పరం గాయపరచుకోగలవు. అందుచేత వాటిని విడివిడిగా ఉంచడం సహజమే. అయితే ఈ ఏర్పాటు ఊహించని ఫలితానికి దారితీసింది. ఇంగ్లండులోని చెస్టర్ జంతు ప్రదర్శనశాలలో ఏనాడూ మగదానితో కలవని ‘ఫ్లోరా’ 2006లో ఫలవంతమైన గుడ్లు పెట్టింది. లండనులో ‘సుంగై’ అనే ఆడ ఉడుము రెండేళ్ళకు పైగా మగదానికి దూరంగా ఉండి పిల్లలను కన్నది. జన్యు పరీక్షలు రెండింటినీ అనిషేకజననాలుగా నిర్ధారించాయి.

ఆడ ఉడుములో జడ్, డబ్ల్యూ అనే భిన్న లింగ క్రోమోజోములు, మగదానిలో రెండు జడ్‌లు ఉంటాయి. శుక్రకణం లేనప్పుడు అండంలోని క్రోమోజోములే జంటగా మారి జడ్‌జడ్ లేదా డబ్ల్యూడబ్ల్యూ ఏర్పడుతుంది. రెండవది బ్రతకదు. కనుక పుట్టినవన్నీ మగవే.

ఒంటరిగా కొత్త దీవికి చేరిన ఆడ ఉడుముకు ఈ సామర్థ్యం వరమే. కాని ప్రదర్శనశాలలో ఇదే లోపమవుతుంది. ఈ పిల్లలకు తండ్రి నుండి వచ్చే జన్యువులు ఉండవు, తల్లి వైవిధ్యంలోనూ కొంత భాగమే అందుతుంది. ఇటువంటి సంతతి పెరిగితే సంఖ్య పెరిగినా వ్యాధులను, మార్పులను తట్టుకొనే శక్తి పెరగదు. సుంగై తరువాత మగదానితో కలిసి సాధారణ సంతతిని కూడా కన్నది. అంటే అవకాశం కల్పిస్తే సహజ సంయోగానికి ఆటంకం లేదు.

4. ముగింపు

మన ప్రాంతపు ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దానిని పట్టడం, ఇంట పెంచడం నేరం. చెరలో పెంపకం అనుమతి గల సంస్థల బాధ్యత. ఆ సంస్థలు పిల్లల లెక్కతో తృప్తి చెందక, తగిన పర్యవేక్షణలో ఆడ, మగ ఉడుములు కలిసే వీలు కల్పించాలి. జాతి పరిరక్షణకు సంఖ్య ఎంత అవసరమో వైవిధ్యమూ అంతే అవసరం.