చేతుల శుభ్రతలాగే కంప్యూటర్ జాగ్రత్త



వార్డులో అడుగుపెట్టే ప్రతి నర్సింగ్ విద్యార్థినికి మేము మొదట నేర్పేది చేతులు కడుక్కోవడం. కంటికి కనిపించని క్రిమి ఒక్క చేతి నుండి వార్డంతా పాకుతుంది. ఇప్పుడు అలాంటి పాఠమే మరొకటి నేర్పవలసి వస్తోంది. మీ రక్తపరీక్షల రిపోర్టులు, ఎక్స్‌రేలు, మందుల వివరాలు కంప్యూటర్‌లోకి చేరుతున్నాయి. వాటికి వచ్చే ముప్పు కూడా చాలాసార్లు ఒక్క చేతి పొరపాటుతోనే మొదలవుతుంది.

ఐర్లండ్ దేశంలో జరిగింది చూడండి. 2021 మార్చి 18న అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థలో ఒకరు తమకు వచ్చిన ఈమెయిల్‌లోని ఎక్సెల్ ఫైలు తెరిచారు. అందులో దాగిన ప్రోగ్రాము ద్వారా దొంగలు లోపలికి ప్రవేశించారు. ఎనిమిది వారాలు చడీచప్పుడు లేకుండా ఒక కంప్యూటర్ నుండి మరొకదానికి పాకారు. మార్చి 31న యాంటీవైరస్ హెచ్చరించినా దానిపై సరైన చర్య జరగలేదు. మే 14న దొంగలు ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగారు. దేశమంతటా ఆసుపత్రుల కంప్యూటర్లు ఆపివేశారు. సిబ్బంది మళ్ళీ కాగితం, కలం పట్టారు. ఎన్నో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, క్యాన్సర్ రోగుల రేడియేషన్ చికిత్సకూ ఆటంకం కలిగింది. ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదు. కొద్ది రోజులకు దొంగలే తాళంచెవి ఇచ్చినా, అన్నీ బాగుపడడానికి నాలుగు నెలలు పట్టింది.

మన దేశంలోనూ 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై ఇలాంటి దాడే జరిగింది. చాలా రోజులపాటు రోగుల వివరాలు చేతితో రాసుకోవలసి వచ్చింది.

మా పొరపాటు కూడా చెప్పాలి. నైట్ డ్యూటీలో ఉన్న ఒక సిస్టర్, కొరియర్ వచ్చిందన్న ఈమెయిల్ నమ్మి లింకు నొక్కింది. అనుమానం వచ్చి తెల్లవారగానే మాకు చెప్పింది. మేము అందరి ముందూ కోప్పడ్డాము. అదృష్టవశాత్తు నష్టమేమీ జరగలేదు. కానీ తరువాత చాలాకాలం ఎవ్వరూ ఏ అనుమానమూ మాకు చెప్పలేదు. దొంగ ఈమెయిళ్లు ఆగిపోలేదు, చెప్పే నోళ్లు మూతబడ్డాయి.

చేతికి సూది గుచ్చుకున్న సిస్టర్‌ను మనం తిట్టము. వెంటనే చెప్పమంటాము. ఎందుకంటే హెచ్‌.ఐ.వి. నివారణ మందు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. కంప్యూటర్ విషయంలోనూ అంతే. త్వరగా తెలిస్తే ఆ ఒక్క యంత్రాన్ని వేరుచేసి మిగిలినవాటిని కాపాడుకోవచ్చు.

అందుకే మా శిక్షణ మార్చుకున్నాము. సంవత్సరానికొక పెద్ద ఉపన్యాసానికి బదులు నెలకొకసారి డ్యూటీ మారే వేళ పావుగంట మాట్లాడుకుంటాము. పంపినవారి చిరునామా చూడడం, "వెంటనే చేయండి" అని తొందరపెట్టే మాటలను అనుమానించడం, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకపోవడం, లేచి వెళ్ళేటప్పుడు కంప్యూటర్‌కు లాక్ వేయడం నేర్పుతాము. అప్పుడప్పుడు మేమే ఉత్తుత్తి దొంగ ఈమెయిల్ పంపి పరీక్షిస్తాము. మోసపోయినవారి పేర్లు బయటపెట్టము. వెంటనే చెప్పినవారిని మెచ్చుకుంటాము. స్వీపరమ్మ నుండి డాక్టరుగారి వరకు అందరికీ ఇదే పాఠం.

మీరు కూడా మాకు సహాయం చేయవచ్చు:

* కౌంటర్ దగ్గర పేరు, నంబరు రెండుసార్లు అడిగితే విసుక్కోకండి.
* బంధువులదైనా, ఇతరుల రిపోర్టు చూపించమని సిస్టర్లను బలవంతపెట్టకండి.
* ఆసుపత్రి పేరు చెప్పి ఫోనులో ఓ.టి.పి. అడిగితే ఇవ్వకండి. ఫోను పెట్టేసి, మీ ఓ.పి. చీటీ మీదున్న నంబరుకు మీరే చేసి కనుక్కోండి.
* డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కు ఫోను చేయండి.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. దాచితేనే అది రోగమై ముదురుతుంది. ఆ రోజు భయపడుతూనే వచ్చి చెప్పిన ఆ సిస్టర్‌కు, ఈ పత్రిక ద్వారా మా కృతజ్ఞతలు.