అడుగు తీసి అడుగు వేయుట

తెలుగిండ్లలో బిడ్డ తొలి అడుగు వేసిన దినము పండుగవంటిది. కొన్ని సీమలలో ఆనాడు అరిసెలు వండి, వానిమీద బిడ్డను నడిపించి, ఇరుగుపొరుగువారికి పంచిపెట్టు ఆచారము నేటికిని కలదు. అటుపిమ్మట ఆ నడకను గూర్చి ఎవరును తలంపరు. మోకాలు మొండికెత్తినప్పుడో, ముదిమిలో అడుగు తడబడినప్పుడో గాని నడక యొక విద్యయని జ్ఞప్తికి రాదు.

మన భాష మాత్రము దానిని మరువలేదు. పాదమునకును, ఒక పాదన్యాసమునకును, పండ్రెండంగుళముల కొలతకును, పాత్ర క్రిందిభాగమునకును 'అడుగు' అనియే పేరు. తెలియనిదానిని తెలిసికొనగోరుటయు 'అడుగుట'యే. పసిబిడ్డ తడబాటు తప్పటడుగు. పెద్దవారి పొరపాటునకును అదే మాట. నడక, నడత, నడవడి ఒక్క ధాతువునుండి వచ్చినవే. పురాణములు సూర్యుని రథమునకు తొడలులేని అనూరుని సారథిగా చేసినవి. మెల్లగా సంచరించు గ్రహమునకు శనైశ్చరుడని పేరిడినవి. నడకలోని భేదములను పూర్వులు శ్రద్ధగా చూచిరనుటకు ఇవి గుర్తులు. ఆ భేదమునకు కారణమేమి, దానిని సరిదిద్దుట యెట్లు అను ప్రశ్నలకు సమాధానము వెదకుచున్నది జీవయాంత్రికశాస్త్రము. శరీరమును ప్రాణమున్న యంత్రముగా భావించి, దాని కదలికలను బలముల లెక్కతో పరిశీలించు శాస్త్రమిది.

గోడమీది గీత

రంగారెడ్డి జిల్లాలో చేవెళ్లకు దక్షిణమున షాబాదు కలదు. ఆ దారిని ఉదయమున బడికి పోవు బాలబాలికల తలలను కొంతసేపు గమనించినచో ఒక వింత కానవచ్చును. ఏ తలయు ఒకే ఎత్తున సాగదు. అడుగడుగునకు లేచుచు దిగుచునుండును. రెండువేల మున్నూరేండ్లకు పూర్వమే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ దీనిని గుర్తించెను. సిరాలో ముంచిన రెల్లుపుల్లను తలకు కట్టుకొని గోడప్రక్కన నడచినయెడల, గోడమీద పడు గీత తిన్నగా నుండదని ఆయన జంతువుల నడకనుగూర్చిన గ్రంథమున వ్రాసెను. సుద్దముక్కతో బడిలో నేడును చేసిచూడదగిన ప్రయోగమిది.

ఆ గీత వంకరపోవుటకు కారణము కలదు. ఒక కాలు నేలపై నిలిచియుండగా శరీరము ఆ కాలిమీదుగా వంతెన దాటినట్లు దాటును. కాలు నిలువుగానున్న క్షణమున శరీరము మిక్కిలి ఎత్తున నుండును. రెండుపాదములును నేలనున్నప్పుడు మిక్కిలి దిగువనుండును. ఈ యెచ్చుతగ్గు నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే. లేచునప్పుడు వేగము కొంత ఎత్తుగా మారి, దిగునప్పుడు ఆ ఎత్తు మరల వేగముగా మారును. గడియారపు లోలకమును తలక్రిందుచేసి నిలిపినచో ఎట్లుండునో నడక అట్టిది. అందుచేతనే ఆరోగ్యవంతుడు అలసట లేకుండ క్రోసులకొలది నడువగలుగుచున్నాడు.

ఒక కాలి మడమ నేలను తాకినది మొదలు మరల అదే మడమ నేలను తాకువరకు గల కాలమును నూరుపాళ్లు చేసినచో, ఆ పాదము సుమారు 60 పాళ్లు నేలపైనను, 40 పాళ్లు గాలిలోను ఉండును. ఆ నడుమ రెండుమారులు, ఒక్కొక్కమారు సుమారు పదేసిపాళ్లు, రెండుపాదములును నేలపై నుండును. ఈ జంటనిలుకడ లేనిచో అది నడక కాదు, పరుగు. కాలు నొచ్చినవాడు నొప్పికాలిపై తక్కువసేపు నిలుచును. పడిపోవుదునని భయపడు వృద్ధుడు జంటనిలుకడను పెంచుకొనును. ఈ పాళ్లను కొలిచిన వైద్యునికి రోగి చెప్పలేని సంగతులు కొన్ని తెలియును.

నేల ఊరకుండదు. మనము నేలను ఎంత త్రోసితిమో నేల మనలను అంతయు త్రోయునని న్యూటను సూత్రము. నడకదారిలో అమర్చిన బలమాపక ఫలకముపై అడుగిడినప్పుడు ఆ త్రోపు రెండు మూపురములుగల ఒంటెవీపువలె గీతగా పడును. మడమ ఆనిన తరువాత ఒక మూపురము, మునివ్రేళ్లు నేలను తన్నునప్పుడు ఇంకొకటి. రెండును శరీరపు బరువుకంటె కొంచెము ఎక్కువ. 19వ శతాబ్దిలో వేబరు సోదరులు, ఛాయాచిత్రములతో కదలికలను పట్టిన ముయిబ్రిడ్జి, మారే ప్రభృతులు త్రోవ వేసిన శాస్త్రము నేడు కెమెరాలతోను, ఇట్టి ఫలకములతోను సాగుచున్నది.

మొయినాబాదు మండలములోని చిలుకూరు బాలాజీ సన్నిధిలో మొక్కుకొనునప్పుడు 11, కోరిక తీరిన పిమ్మట 108 ప్రదక్షిణములు చేయుదురు. లెక్క తప్పకుండ చేత చీటీ పట్టుకొని గీతలు గీసికొందురు. అచ్చట నడచువారిని చూచినను ఒక పాఠము దొరకును. మలుపు తిరుగునప్పుడు వెలుపలికాలు పెద్దయడుగును, లోపలికాలు చిన్నయడుగును వేయును. మేను లోపలికి ఒరగును. ఈ లెక్క ఎవరును వేయరు, మెదడు వేయును. ఆ లెక్క తప్పినప్పుడే మలుపు ప్రమాదమగును.

చేయి విడుదలయైన కథ

తొడముందరి పెద్దకండరము, బరువు పడినప్పుడు మోకాలు ముడుచుకొనకుండ నిలుపును. పోలియో సూక్ష్మజీవి వెన్నుపాములోని నాడీకణములను చంపినప్పుడు ఈ కండరము చచ్చుబడుట కలదు. స్పర్శజ్ఞానము మాత్రము చెడదు. అట్టి బాలుడు అడుగిడునప్పుడెల్ల నడుమువంచి, అరచేతితో తొడను వెనుకకు నొక్కుకొనుచు నడచును. కండరము చేయవలసిన పనిని చేతిచేత చేయించుకొనుట అతనికి ఎవరును నేర్పలేదు. కాని ఆ చేతితో అతడు పుస్తకములసంచిని మోయలేడు.

ఇట్టివారికి పూర్వము తొడనుండి జోటివరకు ఇనుపకడ్డీలు, తోలుపట్టీలుగల కాలిపర్లు తొడిగెడివారు. హైదరాబాదులోని రక్షణపరిశోధన ప్రయోగశాలకు 1982లో అధిపతిగా వచ్చిన ఎ.పి.జె. అబ్దుల్ కలాము ఆ సందర్భమును తన ఉపన్యాసములందు పలుమారులు చెప్పెను. అగ్ని క్షిపణికి మిక్కిలి తేలికయైన పదార్థము కావలసివచ్చి అచ్చట సిద్ధముచేసిరి. ఆ క్షిపణి మొదటిమారు 1989 మే 22న ఎగిరెను. నిజాం వైద్యవిజ్ఞానసంస్థకు చెందిన ఎముకల శస్త్రవైద్యుడొకరు ప్రయోగశాలకు వచ్చి, ఆ పదార్థమును చేతబట్టి దాని తేలికకు ఆశ్చర్యపడి, కలామును తన వైద్యశాలకు తోడుకొనిపోయెను. అచ్చట మూడుకిలోలకు మించిన లోహపు కాలిపర్లను ఈడ్చుకొనుచు నడచు బాలబాలికలను కలాము చూచెను. మూడువారములలో 300 గ్రాముల ఉపకరణములు తయారైనవి. వానిని ధరించిన పిల్లలు సునాయాసముగా తిరుగుచుండగా తలిదండ్రులు కన్నీరు పెట్టిరట.

బరువు తగ్గుటలోని మేలును పిల్లలు లెక్కకట్టి చూడవచ్చును. బడి ఒక కిలోమీటరు దూరమున నున్నదనుకొందము, అడుగు అరమీటరు. మొత్తము రెండువేల అడుగులు, ఒక్కొక్క కాలికి వేయి. మూడుకిలోల కాలిపరును వేయిమారులు ఎత్తుట మూడువేల కిలోలు ఎత్తుటతో సమానము; 300 గ్రాములదానిని ఎత్తుట 300 కిలోలతో సరి. అదియు నడుముకు కట్టిన బరువు కాదు. ఊగు కాలి చివరనున్న బరువు తిప్పుటకు మరింత కష్టము.

తేలికదనము సగము కథ. తక్కినది దాని పేరులోనే కలదు: నేల ప్రతిబలముతో పనిచేయు ఊతమని దాని అర్థము. అది మోకాలి క్రిందనే నిలిచిపోవును, తొడవరకు రాదు. చీలమండను ముందుకు వంగనీయక, మోకాటిక్రింద పిక్కయెముకకు ముందు గట్టి రేకువలె ఆనుకొనియుండును. బరువు మునిపాదముమీదికి వచ్చినప్పుడు నేల పైకి త్రోయు బలము మోకాలికి ముందుగా సాగి, ఆ కీలును వెనుకకు నెట్టి చాపును. బాలుని అరచేయి చేయుచుండిన పనిని ఇప్పుడు నేల చేయుచున్నది, చేయి విడుదలయైనది. ఇది అందరికి సరిపడు ఉపకరణము కాదు. మోకాలు పూర్తిగా చాపరానివారికి వేరు చికిత్సలు కావలెను.

భారతదేశమున సహజ పోలియో చివరిసారి కనబడినది 2011 జనవరి 13న, హౌరాలో. 2014 మార్చి 27న దేశము పోలియోరహితముగా ధ్రువీకరింపబడెను. టీకామందు చుక్కలు ఏ కాలిపరును చేయలేని పని చేసినవి. అయినను పూర్వము ఆ వ్యాధికి గురియైనవారు నేడు నడివయస్సున మన నడుమనే నడచుచున్నారు.

కాలినే కోల్పోయినవారికి 1968లో జయపురమున వైద్యుడు పి.కె. సేఠీ, శిల్పి రామచంద్రశర్మ కలసి రబ్బరుపాదమును రూపొందించిరి. జోడు, కుర్చీ తప్పనిసరియైన పాశ్చాత్యపు కృత్రిమపాదము వట్టికాళ్లతో పొలమునకు పోయి, నేలపై బాసిపట్లు వేసి కూర్చుండు రైతునకు తగినది కాలేదు. బురదలో నడచునట్టి, గొంతుకూర్చుండనిచ్చునట్టి పాదము కావలెనని వారు గ్రహించిరి.

నీరు, జొన్న, మోకాలు

నడక చెడుటకు బీజము కొన్నియెడల ఊరిబావిలోనే ఉండును. నల్లగొండ జిల్లాలో తాగునీటిలోని ఫ్లోరైడు ఎముకలను బిగింపజేయుటను గూర్చి సిద్దీఖీ అను వైద్యుని పరిశోధన 1955లో వెలువడెను. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహారసంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరియొక వికారమును లోకమునకు తెలిపిరి: ఫ్లోరైడు సీమలలో ఎదుగు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి, ఒండొంటిని ఒరసికొనుచుండెను. కారణమునకై వెదకిన పరిశోధకులు నీటితో ఆగలేదు. నాగార్జునసాగరపు నీటివలన భూగర్భజలము పైకివచ్చి నేల క్షారమగుటచే జొన్నలో మాలిబ్డినము పెరిగి, దేహమున రాగి తగ్గుట కూడ దీనికి తోడ్పడియుండునని వారు భావించిరి. మోకాటి వంకను ఎక్సురేలో చూచినవారు చివరకు నీటిని, మట్టిని, గింజను పరీక్షింపవలసివచ్చెను. వంగిన యెముక నీరు మారినంతమాత్రమున తిన్నపడదు. తరువాతి బిడ్డ యెముక వంగకుండుటకే మంచినీరు.

దూలగొండి గింజ

కాలు, ఎముక, కండరము బాగుగానే యున్నను నడక చెడుట కలదు. లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సను 1817లో వణుకువాతమును వర్ణించెను. ఆయన ఉదాహరించిన రోగులలో కొందరిని వీథిలోనే గమనించెను! ఈ వ్యాధిలో మెదడులోని కొన్ని నాడీకణములు నశించి డోపమిను తరుగును. అడుగులు పొట్టివగును, చేతులు ఊగవు, మలుపులయొద్ద కాళ్లు నేలకు అంటినట్లు నిలిచిపోవును. అట్టివానిముందు నేలపై అడ్డగీతలు గీసినచో, వానిని దాటుటకై అతడు చక్కగా అడుగిడుట తరచు కానవచ్చును. లోపలి లయ తప్పినప్పుడు కంటితో చూచిన గీతయో, చెవిని పడు తాళమో ఆ లోటును కొంత తీర్చును.

ఈ వ్యాధికి నేటికిని ముఖ్యౌషధము లీవోడోపా. కంచెలపై ప్రాకి, తాకినవారికి దురద పుట్టించు దూలగొండి గింజలలో ఆ పదార్థము కలదని మద్రాసులో దామోదరను, రామస్వామి 1937లో కనుగొనిరి. దానిని ఎక్కువ మోతాదున క్రమముగా ఇచ్చి పార్కిన్సను రోగులను నడిపించుట 1967లో అమెరికాలో జరిగెను. అట్లని గింజలను స్వయముగా తినుట అపాయము. మోతాదు నిర్ణయించుట వైద్యుని పని.

ఉపాధ్యాయుని కన్ను

పిల్లవాని నడకను దినదినము చూచువారు తలిదండ్రుల తరువాత ఉపాధ్యాయులే. తలిదండ్రులకు ఒక్క బిడ్డయే కనబడును. ఉపాధ్యాయునికి ఒకే యీడు పిల్లలు నలువదిమంది ఒక్కసారి కనబడుదురు. కావున భేదము ఆయనకే ముందు తెలియవలెను. నేలపై కూర్చున్న బాలుడు లేచునప్పుడు చేతులతో మోకాళ్లను, తొడలను పట్టుకొని తనమీద తానే ప్రాకినట్లు లేచినచో, అది కండరక్షీణతకు గుర్తు కావచ్చును. ఇంగ్లండు వైద్యుడు గవర్సు 1879లో వివరించిన లక్షణమిది. ఎల్లప్పుడు మునివ్రేళ్లపై నడచుట, బాతువలె ఊగుట, మెట్లెక్కలేకపోవుట, తరచు పడిపోవుట కూడ గమనింపదగినవే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున 18 ఏండ్లలోపు పిల్లలకు ఇట్టి లోపములను పరీక్షించు ఏర్పాటు కలదు.

పరుగుపందెమున ఎప్పుడును కడపటివాడగు బాలుని సోమరియని కసరుటకు ముందు, అతడు నడుచుటను ఒక్కమారు వెనుకనుండి, ఒక్కమారు ప్రక్కనుండి చూడవలెను. మడమ నేలను ముందుగా తాకుచున్నదా? రెండుకాళ్లపైనను సమముగా నిలుచుచున్నాడా? చేయి తొడమీదికి పోవుచున్నదా? ఈ చూపునకు యంత్రములు అక్కరలేదు. ఆ బిడ్డ తొలి అడుగునాడు ఇంటిల్లిపాది కన్నులార్పక చూచినారు. అంతటి శ్రద్ధతో అతనిని మరల చూచువారు ఒక్కరున్నచో, రెండవ తొలి అడుగు వేయించుటకు వైద్యునికి వేళ మించిపోకుండును.