పాత పెట్టెకు కొత్త ప్రాణం

విండోస్ 10 అండ కోల్పోయిన సూరత్ చిరు వ్యాపారికి లినక్స్ దారి చూపుతోంది. చిక్కల్లా ఖాతా లెక్కలతోనే

కంప్యూటర్ బాగానే పనిచేస్తోంది. అయినా దానికి కాలం చెల్లినట్టే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. మరమగ్గాల నగరం సూరత్‌లో దారం బిల్లులు రాసుకునే పదేళ్ల నాటి పెట్టెలకు ఆ యోగ్యత లేదు. కొత్తది కొనాలి, లేదా లినక్స్‌కు మారాలి.

1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ శ్రీకారం చుట్టిన లినక్స్‌కు పైసా చెల్లించక్కర్లేదు. అందులో ‘మింట్’ రకం చూడ్డానికి విండోస్‌కు దగ్గర చుట్టంలా ఉంటుంది. కంప్యూటర్లో ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. అయితే ఫైలును మామూలుగా కాపీ చేస్తే కుదరదు, రూఫస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో రాయాలి. వైఫై, ప్రింటర్, శబ్దం... మూడూ పలికితే సగం గండం గడిచినట్టే.

అసలు పీటముడి ట్యాలీ. వ్యాపారుల లెక్కలన్నీ అందులోనే, అదేమో విండోస్ కోసమే తయారైంది. ‘వైన్’ సాయంతో లినక్స్‌లో నడిపించే ప్రయత్నం చేయొచ్చు గానీ, జీఎస్టీ గడువు నెత్తిన ఉన్నప్పుడు అలాంటి ప్రయోగాలు ఎవరికి కావాలి? అందుకే విండోస్‌ను ఓ మూల ఉంచి, దాన్ని ఇంటర్నెట్‌కు దూరం పెట్టి, పక్కనే లినక్స్‌ను ఎక్కించుకోవడం మేలు. ముందుగా డేటాను మరో డిస్కులోకి ఎత్తిపెట్టుకోవాలి. తొందరపడి ‘డిస్కు మొత్తం తుడిచేయి’ అన్న చోట నొక్కితే ఏళ్ల లెక్కలు గంగలో కలిసినట్టే.

తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలు స్థిరపడ్డ లింబాయత్ వంటి చోట్ల దీనికి మరో ఆకర్షణ ఉంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. లినక్స్‌లో ఒకే యంత్రంపై తండ్రి ఖాతా గుజరాతీలో, పిల్లల ఖాతా తెలుగులో తెరుచుకుంటాయి. ఈ తెలుగు మెనూల వెనుక హైదరాబాద్‌కు చెందిన ‘స్వేచ్ఛ’ వంటి సంస్థల స్వచ్ఛంద శ్రమ ఉంది. అనువాదం అక్కడక్కడా అసంపూర్ణమే.

తెలుగు శుభలేఖలు అచ్చేసేవారికి మాత్రం ఇబ్బంది తప్పదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్లు కొత్త యంత్రంలో అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల గుట్టలా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. పెళ్లికూతురి పేరులో ఒత్తు జారిందేమో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలంతే.