వానకు తడియక, ఎండకు సోలక
నడకకు తగిన దుస్తులను తక్కువ ఖర్చుతో సమకూర్చుకొను విధము

నడక ఖర్చులేని వ్యాయామమని పెద్దలు చెప్పుదురు. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా శరీరశ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో ఉన్నది. రోజునకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిచినచో ఆ లెక్క తీరును. కాని మన దేశమున వేసవిలో ఎండకు భయపడి కొందరును, వానకాలమున బురదకు వెరచి కొందరును నడక మానివేయుచున్నారు. పొలమునకో, బడికో, పనికో నడువక తప్పనివారు తడిసియో, ఎండియో రోగముల పాలగుచున్నారు. ఈ రెండు కష్టములకును మందు ఒక్కటే: ఋతువునకు తగిన దుస్తులు. ఇవి ధనవంతుల సొత్తు కావు. ఎంచుకొను తెలివి ఉన్నచో సామాన్యునికిని అందుబాటులో ఉన్నవే.

సూదిదారముతో బ్రదుకు పేట

కలకత్తా నగరమునకు నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున మెటియాబ్రుజ్ అను పేట కలదు. ఆ పేరునకు మట్టి బురుజు అని అర్థము. అయోధ్య రాజ్యమును పోగొట్టుకొన్న నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తాకు వచ్చి, 1887లో మరణించువరకు ఇచ్చటనే నివసించెను. ఆయన పరివారముతో వచ్చినవారిలో వంటవారు, గాయకులతో పాటు దర్జీలును ఉండిరి. నేడు ఈ పేట తయారు దుస్తులకు దేశమున పేరుపొందిన కేంద్రములలో ఒకటి. ఓస్తాగర్లని పిలువబడు పెద్ద దర్జీలు తమ ఇండ్లలోను, చిన్న కార్ఖానాలలోను పనివారిని పెట్టి దుస్తులు కుట్టింతురు. వారము చివర జరుగు సంతలకు దూరప్రాంతముల వ్యాపారులు వచ్చి టోకున కొనిపోవుదురు.

ఈ ప్రాంతము తెలుగువారికి కొత్త కాదు. పక్కనే ఉన్న గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయము కలదు. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడువరకు వాల్తేరు డివిజను ఆ రైల్వేలోనిదే. ఆ బంధము వలన తెలుగు ఉద్యోగుల కుటుంబములు అనేకము ఇచ్చట స్థిరపడినవి. రోజంతయు కూర్చుండి కుట్టు దర్జీకిని, రోజంతయు కూర్చుండి వ్రాయు గుమాస్తాకును నడక సమానముగనే అవసరము. నదికి ఆవలి ఒడ్డున శిబ్‌పూరులో 1787లో నెలకొల్పిన వృక్షోద్యానము ఉన్నది. అచ్చటి మహావటవృక్షము నీడన నడువగోరువారికిని, నాలుగు మైళ్ల దూరములోని పొలమునకు పోవు మన పల్లె రైతుకును వర్తించు సూత్రములు ఒక్కటే.

తడిగుడ్డ చేయు పని

మన శరీరము లోపలి వేడిని సుమారు 37 డిగ్రీల వద్ద నిలుపుకొనుటకు నిరంతరము యత్నించును. చెమట ఆరినప్పుడు ఒళ్లు చల్లబడును. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నచో చెమట ఆరదు, వేడి బయటికి పోదు, తల తిరుగును. వడదెబ్బకు ఇదియే తొలిమెట్టు. చలిప్రదేశమున దీనికి విరుద్ధముగా జరుగును. గాలికంటె నీరు వేడిని ఇరువదిరెట్లకు పైగా వేగముగా లాగివేయును గనుక, తడిసిన గుడ్డ ఒంటికి అంటుకొని ఉన్నంతసేపును శరీరము వేడిని కోల్పోవుచుండును.

కావున వేడి వాన, చలి వాన అని వానలను రెండుగా ఎంచవలెను. కలకత్తాలోను, మన కోస్తా జిల్లాలలోను కురియునది వేడి వాన. అచ్చట గాలి చొరని వానకోటు తొడిగి వేగముగా నడిచినచో, బయటి నీరు లోపలికి రాకున్నను లోపలి చెమటతోనే బట్టలు తడియును. చెమట ఆవిరిని బయటికి పంపునని చెప్పి ఎక్కువ వెలకు అమ్మెడు కోటులు కూడ ఇట్టి ఉక్కలో అంతగా పనిచేయవు. బయటి గాలియే తేమతో నిండి ఉండగా ఆవిరి ఎటు పోగలదు? గాలి విసురు లేని వేడి వానలో మంచి గొడుగే అన్నిటికంటె మేలు. కొండలపై కురియునది చలి వాన. పశ్చిమ బెంగాలులో అన్నిటికంటె ఎత్తైన సందక్‌ఫూ శిఖరము 3,636 మీటర్ల ఎత్తున ఉన్నది. కలకత్తాకంటె అచ్చట 20 డిగ్రీలకు పైగా చల్లగా ఉండును. అట్టిచోటికి పోవువారికి వానకోటును, ఉన్ని దుస్తులును తప్పనిసరి.

ఏ గుడ్డ ఎప్పుడు?

ఎండకాలమునకు పలుచని, లేతరంగు నూలు బట్టను మించినది లేదు. అది చెమటను పీల్చి, మెల్లగా ఆరుచు ఒంటిని చల్లబరచును. వదులుగా ఉండవలెను, చేతులు పూర్తిగా కప్పవలెను. వానలో మాత్రము నూలుకు ఆ పీల్చు గుణమే దోషమగును. నీటిని పట్టుకొని బరువెక్కి ఆలస్యముగా ఆరును. పాలియెస్టరు నూలుదారము నీటిని దాదాపుగా పీల్చదు గనుక త్వరగా ఆరును. చలిలో ఉన్ని ఉత్తమము. అది తడిసినను కొంత వెచ్చదనమును నిలుపుకొనును.

ఈ సంగతిని మన పూర్వులు శాస్త్రము చదువకయే ఎరిగిరి. తెలంగాణలో దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టిన గొంగళి గొర్రెల కాపరికి కోటు, పక్క, గొడుగు మూడును అగుచున్నది. బెంగాలు రైతు వెదురుతోను ఆకులతోను అల్లిన టోకా తలపై పెట్టుకొని నాట్లు వేయును. ఆ టోకా క్రింద గాలి ఆడును, రెండు చేతులును పనికి ఖాళీగా ఉండును.

వానకోటు కొనునప్పుడు

వానకోటుల తయారీకి కలకత్తాలో చరిత్ర కలదు. సురేంద్రమోహన్ బోస్ 1920లో స్థాపించిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ వర్క్స్ వారి డక్‌బ్యాక్ కోటులు దేశమంతట ప్రసిద్ధి చెందినవి. ఏ తయారీదైనను కొనుటకు ముందు ఈ పరీక్షలు చేయుడు.

మొదటిది: గుడ్డను దొన్నెవలె పట్టి చెంచాడు నీరు పోసి కొన్ని నిమిషములు ఆగుడు. క్రింది వైపు తడి తగిలినచో అది వానకు పనికిరాదు. రెండవది: కుట్లను చూడుడు. పూత ఎంత మంచిదైనను సూది పొడిచిన ప్రతి రంధ్రమును నీటికి దారియే. కుట్లపై లోపలి వైపున పట్టీ అంటించి ఉండవలెను. లేనిచో మైనము రుద్ది కొంతవరకు సరిచేసికొనవచ్చును. మూడవది: చంకల క్రింద, వీపుపై గాలి ఆడుటకు సందులు ఉన్నవేమో చూడుడు. నాలుగవది: లోపలి బట్టలపై వదులుగా ఉండి మోకాలు దిగవలెను. ఐదవది: రంగు. చీకటిలో దారిప్రక్కన నడుచువారు పసుపు, నారింజ వంటి మెరుపు రంగులు ధరించినచో బండ్లు నడుపువారికి దూరము నుండియే కనబడుదురు.

వాడిన పిదప కోటును నీడలో ఆరవేయవలెను. తడిగా మడచినచో పూత పొరలు పొరలుగా ఊడును.

పాదములే మొదట

చేతిలో కొద్ది డబ్బే ఉన్నవారు ముందుగా పాదరక్షలే కొనవలెను. వట్టి కాళ్లతో తడినేలపై నడిచినచో కొంకిపురుగు పిల్లలు చర్మము గుండ చొచ్చుకొనిపోయి, ప్రేగులలో చేరి రక్తహీనత కలిగించును. ఎలుకల మూత్రము కలిసిన వరదనీరు పుండ్లకు, నానిన చర్మమునకు తగిలినచో లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చును. వ్రేళ్ల సందులు తెల్లగా నాని ఒరిసిపోయినను కొందరు లక్ష్యపెట్టరు. ఇంటికి రాగానే కాళ్లు సబ్బుతో కడిగి, వ్రేళ్ల నడుమ పొడిగా తుడుచుకొనవలెను.

పాముకాటు విషయము మరింత గంభీరమైనది. 2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో ప్రచురితమైన పరిశోధన అంచనా వేసినది. ఆ మరణములలో సగము జూన్ నుండి సెప్టెంబరు వరకు గల వానకాలమునందే సంభవించినవి. చీలమండను కప్పు బూట్లు, చేతిలో టార్చిలైటు, గట్టున నడుచునప్పుడు ముందు తట్టిచూచుటకు ఒక కర్ర: ఈ మూడింటి ఖర్చు స్వల్పము. కరచినచో కట్లు బిగింపక, గాటు పెట్టక, కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

దేశమున సుమారు 10 కోట్లమందికి మధుమేహము ఉన్నదని 2023లో ప్రచురితమైన సర్వే తెల్పినది. వారిలో పలువురికి పాదములలో స్పర్శ తగ్గును. బూటులోని చిన్న రాయి సైతము వారికి తెలియకయే పుండు చేయును. అట్టివారు బూటులో చేయిపెట్టి చూచిన పిదపనే తొడుగవలెను. సాయంకాలము పాదములు కొంచెము ఉబ్బి ఉండును గనుక బూట్లు ఆ వేళనే కొనుట మంచిది.

గొడుగు ఎప్పుడు మూయవలెను?

ఉరుములు వినబడగానే బయలున గొడుగు ఎత్తి నడువరాదు, చెట్టు క్రింద నిలువరాదు. వెంటనే పక్కా ఇంటిలోనికి పోవలెను. చైత్ర వైశాఖములలో బెంగాలున వీచు కాలబైశాఖి గాలివానలు క్షణములలో వచ్చిపడును. కావున నడకకు బయలుదేరుటకు ముందు ఆకాశమును, వాతావరణ శాఖ సూచనను చూచుట అలవరచుకొనవలెను.

కొనుగోలు క్రమము

మొదట పాదరక్షలు, పిదప తలకు గొడుగో, వెడల్పు అంచు టోపీయో, ఆ పిదప టార్చిలైటు, తరువాత వానకోటు. సంచిలో ఒక పాలిథిన్ కవరులో చుట్టిన పొడి చొక్కా, ఒక తువాలు, సీసాతో నీరు ఉంచుకొనుడు. వెలను చూచునప్పుడు ఎన్ని వానకాలములు వచ్చునో కూడ లెక్కించుడు. నెలకొకసారి చినుగు నాసిరకము కోటులు మూడు కొనుటకంటె, మూడేండ్లు మన్ను కోటు ఒకటి కొనుట చౌక. చినిగినచోట మీ వీధి దర్జీచే వెంటనే మాసిక వేయించినచో దాని ఆయువు ఇంకను పెరుగును.

ఇంటిలో ఒక్క కోటే ఉన్నయెడల దానిని ఎవరు తొడుగవలెను? ఇంటి యజమాని కాదు, ఎక్కువ దూరము నడుచువారు. అది బడికి పోవు బిడ్డ కావచ్చును, నాట్లకు పోవు తల్లి కావచ్చును. తొలకరికి ముందుగనే ఈ లెక్క చూచుకొని, కొరతగా ఉన్నదానిని సమకూర్చుకొనుడు.